పాటలకు ఫోన్ ఉంది, మాటలకు ఎవరున్నారు?

ఈమధ్యే మా అమ్మకు కుడికంట్లో శుక్లం తీశారు. హన్మకొండలో పొద్దున ఆపరేషన్ అయింది, సాయంత్రానికి పరకాల దగ్గరి మా ఊరికి తీసుకొచ్చేశాను. రెండు గంటలకోసారి చుక్కల మందు, నల్లద్దాలు, కొన్నాళ్లు తలస్నానం లేదు, వంగొద్దు, బరువులెత్తొద్దు, టీవీ చూడొద్దు, ఫోన్ చూడొద్దు. అన్నిటికీ సరే సరే అన్న మనిషి ఆఖరి రెండూ విని, "మరి పొద్దెట్ల పోవాలె బిడ్డా?" అని అడిగింది. నిజమే. డెబ్బై ఏళ్లలో ఒక్కరోజు ఊరికే కూర్చుని ఎరగదు. ఇప్పుడు పని చేయొద్దు, చూడొద్దు. ఇక మిగిలినవి చెవులు.

అటక మీది నుంచి బాపు రేడియో దింపాను. బాపు పోయినప్పటి నుంచి అది అక్కడే ఉంది. తోలు కవరు చీకిపోయింది గానీ గుండీలు ఇంకా పడుతున్నాయి. పాత సెల్లు కారి స్ప్రింగుకు తుప్పు పట్టింది, గరుకు కాగితంతో రుద్ది కొత్త సెల్లు వేస్తే గరగరమని పలికింది. మరునాడు పొద్దున ఆరు కాకముందే పెట్టాను. ఆకాశవాణి ట్యూన్ మోగింది. 1930లలో యూరప్ విడిచి బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు కట్టిన ట్యూన్ అది, శివరంజని రాగం పోకడలో ఉంటుంది. ఆ సంగతి అమ్మకు చెబుదామనుకునే లోపే ఆమె మంచం మీద కదిలి, "మీ బాపు లేసిండు" అంది. నేనేమీ చెప్పలేదు.

ఆ రోజంతా విన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వరంగల్ 103.5 మీద కొంత, హైదరాబాద్ కేంద్రం 738 మీద కొంత, రెండిట్లోనూ పాటలు వస్తున్నప్పుడు నా ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ తెరిచి వేరే కేంద్రం పెట్టి కొంత. వార్తలు నాలుగుసార్లు. షుగర్ ఉన్నవాళ్లు పాదాలు ఎలా చూసుకోవాలో ఒక డాక్టరమ్మ చెప్పింది. మిర్చి మీద తామర పురుగు గురించి ఒక శాస్త్రవేత్త, ఆయన్ని వదలకుండా ప్రశ్నలడిగిన ఒక రైతు. రామప్ప గుడి మీద ప్రసంగం. మహిళా సంఘం లెక్కల పుస్తకం ఎలా రాయాలో ఒక చర్చ. పిల్లలు చదివిన పద్యాలు. ధరవరలు. రాత్రి ఒక నాటిక. మధ్యాహ్నం మాత్రం ఎంత తిప్పినా సినిమా పాటలే దొరికాయి, అమ్మ అరగంట విని "పాటలు బంద్ చెయ్యి, మాటలు పెట్టు" అంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

నా వాదన ముందే చెప్పేస్తాను. స్థానిక రేడియో పొద్దంతా మాట్లాడాలి. పాటలు ఇప్పుడు ప్రతి జేబులో ఉన్నాయి, పల్లెలో పశువులు కాసే పిల్లవాడి జేబులో కూడా ఉన్నాయి, వాటికోసం ఒక సర్కారు కేంద్రం, ఒక ట్రాన్స్‌మిటరు, జీతగాళ్లు అక్కర్లేదు. మన జిల్లా మాటలు, మన జిల్లా మనుషులతో, రోజూ ఒక వేళకు వినిపించేది మాత్రం ఇంకోటి లేదు. ఉన్నదాన్ని కూడా పాటలతో నింపేస్తే అది పెద్ద నష్టం, కానీ ఆ నష్టం జరిగినట్టు ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే చెవులకు ఏదో ఒకటి వినబడుతూనే ఉంటుంది కదా.

రామప్ప సంగతి తీసుకోండి. మేం కనీసం ఐదారుసార్లు పోయాం, మేడారం పోయివస్తూ రెండుసార్లు. గుడి చుట్టూ తిరిగి, ఫొటోలు దిగి, చెరువు కట్ట మీద తెచ్చుకున్న అన్నం తిని వచ్చేవాళ్లం. ఆ రోజు రేడియోలో మాట్లాడినాయన, 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడని మొదలుపెట్టి, శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేంత తేలికని, పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద గుడి నిలిపారని, భూమి కదిలితే ఆ ఇసుక అదురును తాగుతుందని చెప్పాడు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు టీవీలో ఎంత హడావుడి చూశాం, కానీ అమ్మకు అందులోంచి గుర్తున్నది గుడి మీద వేసిన రంగు లైట్లు మాత్రమే. రేడియోలో బొమ్మ లేదు కాబట్టి ఆయన ఇటుక బరువును మాటలతోనే చెప్పాల్సి వచ్చింది, వింటున్న అమ్మ చెయ్యి చాచి అరచేతిలో ఏదో తూచినట్టు పైకీ కిందికీ ఆడించింది. "గన్నిసార్లు పోయినం, ఒక్కలు జెప్పలే" అంది. ఆమె ఈ విషయం ఎక్కడా వెతికేది కాదు. రామప్ప ఇటుకల గురించి అడగాలని తెలిస్తే కదా వెతకడానికి.

ఫోన్‌కూ రేడియోకూ నాకు కనబడే అసలు తేడా ఇదే. ఫోన్ మనం నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ చూపిస్తుంది. మా తమ్ముడి ఫోన్‌లో క్రికెట్, నా ఫోన్‌లో చీరలు, వంటలు, అమ్మ ఫోన్‌లో భక్తి, పక్కింటివాళ్ల గొడవల సీరియల్. ఎవరి గూట్లో వాళ్లం ఉంటాం. రేడియోలో మనం అడగనిది వస్తుంది. రైతు కార్యక్రమం కోసం పెట్టిన మనిషి దాని ముందు వచ్చే గర్భిణుల ఆహారం గురించి కూడా వింటాడు, వినక తప్పదు, చేతులకు మట్టి ఉంటుంది కాబట్టి లేచి ఆపడు. అలా విన్నది ఎప్పుడో ఎవరికో పనికొస్తుంది. ఆ రోజు సాయంత్రం మా భూమి కౌలుకు చేసే అతను అమ్మను చూడ్డానికి వచ్చాడు. కన్నెట్లుంది అని అతను అడగకముందే అమ్మ, "మిర్చిల నీలిరంగు జిగురు అట్టలు పెట్టినవా?" అని అడిగింది. అతను తెల్లబోయాడు. ఆమె మిర్చి వేసి పదేళ్లు దాటింది. అయినా పొద్దున విన్నమాట సాయంత్రానికి అది అందాల్సిన మనిషికి అందింది.

మా పెద్దమ్మ గురించి చెప్పకపోతే ఈ రాత అన్యాయమవుతుంది. అమ్మ తల్లిగారిల్లు కోరుట్ల. అక్కడ ఆ వైపు వీధుల్లో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. రోజుకు వెయ్యి చుట్టేది పెద్దమ్మ. కళ్లు ఆకు మీద, వేళ్లు దారం మీద. సిరిసిల్ల వైపు సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో పక్కమనిషి మాటే వినబడదు, బీడీ పని అలా కాదు, చప్పుడు లేని పని, చెవులు మొత్తం ఖాళీ. అందుకని గోడకు మేకు కొట్టి రేడియో తగిలించేవాళ్లు, నాలుగిళ్లవాళ్లు ఆ ఒక్క దాని కిందికి చేరేవాళ్లు, సెల్లు తగ్గితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. పెద్దమ్మకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ ఆమెకు సోవియట్ యూనియన్ ముక్కలైందని తెలుసు, ధనుర్వాతం సూది ఎందుకో తెలుసు, హైదరాబాద్‌లో వార్తలు చదివే డి. వెంకట్రామయ్య, మాడపాటి సత్యవతి గొంతులు తెలుసు, పేరు చెప్పకముందే గుర్తుపట్టేది. సంస్కృతం వార్తలు కూడా వదిలేది కాదు. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆ ఉచ్చారణ ఆమెకు ఇష్టం. సాయంత్రం ఆఖరి కట్ట కట్టి చేట పక్కకు తోస్తూ వార్తల చివరి మాట, "ఇతి వార్తాః", గట్టిగా అనేది. మా ఇంట్లో పని అయిపోయిందనడానికి ఇప్పటికీ ఆ మాటే వాడతాం.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66.5 శాతం, ఆడవాళ్లలో 58. అంటే అప్పటికి ప్రతి ఐదుగురు ఆడవాళ్లలో ఇద్దరికి చదవడం రాదు. చదువొచ్చిన ముగ్గురిలో ఎంతమందికి పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చుని ఒక పేజీ చదివే తీరిక ఉందో మీ ఇంట్లోనే చూసుకోండి. కలుపు తీసేవాళ్లు, రొట్టెలు కొట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, రాత్రిపూట చౌకీదారు పని చేసేవాళ్లు, కండ్లు మసకబారిన ముసలివాళ్లు, వీళ్లందరికీ జ్ఞానం చేరే తోవ చెవి ఒక్కటే. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయంటారు. ఉన్నాయి. కానీ అది చూపు అడుగుతుంది, వేలు అడుగుతుంది, ఏం వెతకాలో ముందే తెలిసి ఉండాలని అడుగుతుంది.

ఇంకోటి కూడా ఉంది, నాకు అన్నిటికంటే బరువైంది. 1997-98లో మా జిల్లా పత్తికి ఏమైందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పురుగు, వాన, అప్పు, మందులు, ఆఖరికి ఆ మందే తాగి పోయిన రైతులు. వరంగల్ పేరు దేశమంతా వార్తల్లోకి ఎక్కింది ఆ చావులతోనే. మా చిన్నాయనది నర్సంపేట వైపు నాలుగెకరాల పత్తి. పురుగు తగ్గడం లేదని దుకాణానికి పోతే అతను ఇంకో డబ్బా ఇచ్చాడు, అదీ తగ్గకపోతే ఇంకోటి, ఉద్దెర ఖాతాలో రాసుకుని మరీ ఇచ్చాడు. సలహా చెప్పేవాడూ అమ్మేవాడూ ఒక్కడే అయితే ఏమవుతుందో ఆ ఏడు చూశాం. ఒక సాయంత్రం రేడియోలో, ఒకే రకం మందు పదేపదే కొడితే పురుగు దానికి అలవాటు పడుతుందని, నాలుగైదు మందులు కలిపి కొట్టడం దండగని ఒకాయన చెబుతుంటే చిన్నాయన విన్నాడు. పంట దక్కలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ తర్వాత కొట్టాల్సిన మూడు మందులు మానేశాడు. ఆ మూడు మందుల అప్పు నెత్తిమీద పడలేదు. ఆ తేడా ఎంతదో మా చిన్నమ్మను అడగాలి.

రేడియోలో మాట్లాడిన ఆయన ఏమీ అమ్మడం లేదు. నాకు కావలసింది ఆ గొంతు. ఇవాళ ఫోన్‌లో వ్యవసాయం చెప్పేవాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు, కానీ వీడియో చివర ఒక సీసా కనబడి, కింద ఒక నంబరు వస్తే, అతను చెప్పింది పురుగు గురించా సీసా గురించా అన్నది చూసేవాడికి తెలిసే దారి లేదు.

మన దేశంలో ఈ పని చేసి చూపించారు కూడా. 1956లో పూనా చుట్టుపక్కల జిల్లాల్లో, సుమారు 150 ఊళ్లలో, ఊరికి ఇరవై మంది చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు రేడియో వినిపించి, విన్నదాని మీద వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేట్టు ఆకాశవాణి, యునెస్కో కలిసి ఒక ప్రయోగం చేశాయి. తంజావూరు వైపు ఏడీటీ 27 అనే వరి రకం గురించి రైతులు రేడియోలో విని వేశారు కాబట్టి దాన్ని రేడియో వడ్లు అనే పిలుచుకున్నారు. ఒక వంగడానికి రేడియో పేరు పెట్టుకున్నారంటే ఆ మాట మీద వాళ్లకు ఎంత గురి ఉండాలి!

సరే, ఎవరూ వినడం లేదు కదా అంటారు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది కానీ ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. చాలా ప్రసంగాలు వినలేం. కాగితం చూసి చదువుతారు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా కాగితం మీదే రాసుకున్నట్టు ఉంటుంది. ఆ రోజు మహిళా సంఘం లెక్కల చర్చలో మాట్లాడిన ఇద్దరూ "తద్వారా", "తత్ఫలితంగా" అంటుంటే అమ్మ నిద్రపోయింది. అదే మిర్చి రైతు, "గదంత సరే సార్, మరి అట్టకు అంటుకున్నయి గాక చెట్టు మీదియి ఏం జెయ్యాలె?" అని అడగ్గానే దిండు మీద నుంచి తలెత్తి, "మనోళ్లే" అంది. ఊరు తెలియదు, పేరు వినలేదు, ఆ మాటతీరే చాలు. కాళోజీ ఈ హన్మకొండలోనే ఉండి బతుకంతా పోరాడింది ఈ భాష గురించే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేస్తున్నాం, దండలు వేస్తున్నాం, మంచిదే. మిగతా అన్ని రోజులూ మైకు ముందు కూర్చున్న మన జిల్లా మనిషి తన మాట దాచుకుని పుస్తకం మాట ఎందుకు వెతుక్కోవాలి? ప్రసంగం బాగాలేదని ప్రసంగాన్నే తీసేసి పాట పెట్టడం, కూరలో ఉప్పు తక్కువైందని కూర వండడమే మానేసినట్టు. ఆ కాగితం తీసేయండి, మనిషిని మాట్లాడనివ్వండి.

ప్రైవేటు ఎఫ్ఎంలను కూడా ఊరికే తిట్టను. మన దేశంలో వాటికి సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించడానికి మాత్రమే అనుమతి. టీవీకి లేని కట్టు, పేపరుకు లేని కట్టు, ఒక్క రేడియోకే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా వరంగల్‌లో ఒక ఎఫ్ఎం వాడు భద్రకాళి చెరువు సంగతి మీద ఒక వార్త తయారు చేసి చెప్పలేడు. మాట్లాడొద్దన్నాక వాడు పాటలు, జోకులు కాక ఏం పెడతాడు? ఈ కట్టు తీసేయాలి. తీసేస్తే అబద్ధాలు చెబుతారని భయం ఉంటే, అబద్ధం చెప్పినవాడిని పట్టుకునే చట్టం పెట్టండి, అందరి నోరూ కట్టేయడం ఎందుకు?

చిన్న రేడియో ఏం చేయగలదో చూడాలంటే జహీరాబాద్ దగ్గర మాచనూర్ పోవాలి. అక్కడ సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది, 90.4 మీద. నడిపేది దళిత ఆడవాళ్లు, కొర్రలు, జొన్నలు, విత్తనాలు, పండగలు, పాటలు, అన్నీ వాళ్ల మాటలోనే. పది పదిహేను మైళ్లు దాటితే వినబడదు, దాటాల్సిన అవసరం కూడా లేదు. అలాంటిది ములుగులో ఒకటి, భూపాలపల్లి బొగ్గుబావుల దగ్గర ఒకటి, కోరుట్ల బీడీ వాడల్లో ఒకటి ఎందుకు ఉండకూడదు అని నేను చాలాసార్లు అనుకుంటాను.

నాకు ఇంకో ఆశ ఉంది, కొంచెం పెద్దది. ఇంగ్లండులో బీబీసీ రేడియో ఫోర్ అని ఒక చానల్, 1967 నుంచి, దాదాపు పొద్దంతా మాటలే. వార్తలు, నాటకాలు, చరిత్ర, సైన్సు, ఓడలవాళ్లకు సముద్రం మీది వాతావరణం. అందులో వచ్చే ఒక పల్లెటూరి రైతు కుటుంబాల కథ ఆ చానల్ కంటే పాతది, బీబీసీలో 1951 జనవరి 1 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. యుద్ధం తర్వాత తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, కొత్త సాగు పద్ధతులు రైతులకు చేర్చాలని, ఉపన్యాసమిస్తే ఎవరూ వినరని, వ్యవసాయ శాఖ సాయంతో దాన్ని కథగా మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ సేద్యం చేసేవాళ్లు చాలా తక్కువ, అయినా ఆ కథ వింటూనే ఉన్నారు.

మనకు సేద్యం చేసేవాళ్లు ఉన్నారు, కథలు ఉన్నాయి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ, తేజ మిర్చి వేయాలా చపాటా మిర్చి వేయాలా అని కొట్లాడుకునే తండ్రీ కొడుకులు, కాజీపేట నుంచి రోజూ రైలెక్కి పనికి పోయే వాళ్ల కోడలు, పింఛను కోసం తిరిగే నాయనమ్మ, దుబాయ్ నుంచి అప్పుతో తిరిగొచ్చిన మేనల్లుడు. వానలు రాకపోతే వాళ్ల ఇంట్లోనూ వాన రావొద్దు. గులాబీరంగు పురుగు మన చేలలో పడిన వారమే వాళ్ల పత్తిలోనూ పడాలి. బతుకమ్మ మనింట్లో పేర్చిన రోజే వాళ్లింట్లో పేర్చాలి, మేడారం జాతర ఏడు వాళ్లూ బండి కట్టాలి. రాసేవాళ్లు ఈ జిల్లాలోనే ఉన్నారు, నటించేవాళ్లు ప్రతి కాలేజీలో ఉన్నారు. ఖర్చు ఒక టీవీ సీరియల్‌లో చీరల ఖర్చు కంటే తక్కువే అవుతుందని నా నమ్మకం. నేను వింటాను. మా అమ్మ వింటుంది. కౌలు చేసే అతను మోటారు దగ్గర కూర్చుని వింటాడు.

ఆ రాత్రి నాటిక గురించి చెప్పాలి. పెళ్లైన పిల్ల ఒకతి, తండ్రి ఇంటికి తిరిగొచ్చింది, అన్న రానిస్తాడా లేదా అన్న దగ్గర కథ నడుస్తోంది. అమ్మ చుక్కల మందు వేయించుకోవడానికి కూడా తల తిప్పలేదు, "ఆగు" అని చెయ్యి అడ్డం పెట్టింది. సరిగ్గా తలుపు చప్పుడైన చోట రేడియో గొంతు సన్నబడి, గురగురమని ఆగిపోయింది. నేను ముందురోజే వేసిన సెల్లు అప్పుడే ఎలా అయిపోయాయో తెలియదు, ఎప్పటివో అమ్మి ఉంటారు. టార్చి పట్టుకుని కిరాణా కొట్టుకు ఉరికాను. రిమోట్లకు వేసే చిన్నవి ఉన్నాయన్నాడు, పెద్దవి కావాలంటే లోపలికి పోయి ఒక రేకు డబ్బాలో వెతికి రెండు తీశాడు. వచ్చి వేసేసరికి నాటిక అయిపోయింది, ఇంగ్లీషు వార్తలు వస్తున్నాయి.

"రానిచ్చిండంటవా?" అంది అమ్మ చీకట్లో. రానిచ్చే ఉంటాడన్నాను. "ఊహూఁ. వాని పెండ్లాం రానియ్యది. తండ్రి లేస్తడు జూడు" అంది. నేను నిద్రపోయాను. పొద్దున నేను లేచేసరికి అరుగు మీద కూర్చుని, నల్లద్దాలు పెట్టుకుని, పక్కింటి వదినకు ఆ నాటిక కథ మొత్తం చెబుతోంది, మేం వినని ముగింపుతో సహా.